తీగ మరిచిన మనిషి

నమోదు 1. భరణి కార్తె

ఆకులు: తూర్పున దట్టం, పడమట పలచన. పురుగు: కనిపించలేదు. తేమ: చాలు.

ప్రతి పందిరికీ ఒక చిట్టా ఉండాలని, ఇంటి ఆడమనిషి రోజూ తీగ బాగోగులు అందులో రాయాలని నీడ ఆఫీసు రూలు. అక్కడ ఎవరూ చదవరని వీధి మొత్తానికీ తెలుసు. పక్క పందిరిలో ఉండే మా ఆడబిడ్డ ఈరమ్మ పోయినేడు వరసగా ఉల్లిపాయ పులుసు చేసే పద్ధతి రాసి పంపితే 'సంతృప్తికరం' అని జవాబు వచ్చింది. కాబట్టి నేనూ నా ఇష్టమొచ్చింది రాసుకుంటాను.

ఇవాళ నా కాలు కాలింది.

ఎండ గంట మోగింది. వీధిలో మనుషులందరూ పందిళ్ల కిందికి చేరారు. నేను మంచం మీద పడమటి వైపు, నా వైపు, పడుకుని కునుకు తీస్తున్నాను. ఆకుల సందులోంచి అరచేయంత ఎండ దిగి నా కుడి పాదం మీద పడింది. అరిచి లేచేసరికే బొబ్బ పొంగింది. పెళ్లయిన నాటి నుంచి ఈ పందిరి కింద నా మీద ఎండ పొడ పడింది లేదు.

పెళ్లిపీటల మీద నేనూ మా ఆయన చౌడప్పా కలిసి చేతులు కడిగిన నీళ్లతో వేరూనిన తీగ ఇది. మా ఇద్దరి చెమటే దానికి ఆనవాలు. ఒళ్లు తుడిచిన గుడ్డలు ముంతల్లో నానబెట్టి, పొద్దున్నే ఆ నీళ్లు తీగ మొదట్లో పోయాలి. ఆయన ముంత ఒకటి, నా ముంత ఒకటి. తెలిసిన మనిషి కిందికి రాగానే ఆకులు వాలి ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. పరాయి మనిషి వస్తే నిలువుగా లేచిపోతాయి, ఎండ సూటిగా దిగుతుంది. చుట్టాలు వస్తే ఇంటివాళ్లు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి, లేకపోతే కాల్చి పంపినట్టే.

కంచె మీదుగా ఈరమ్మ వదిన నా బొబ్బ చూసింది. "పురుగు పట్టిందేమోలే సంజమ్మా. కొంచెం తూర్పుకు జరిగి పండుకో," అంది. ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడలేదు.

నమోదు 2. భరణి

పడమటి ఆకులు ఇంకా పలచబడ్డాయి.

చౌడప్ప పొద్దు వాలాక అద్దాల చేను నుంచి వచ్చాడు. ఎండను పట్టి కరెంటు తీసే అద్దాలు తుడవడం ఆయన పని. మధ్యాహ్నాలు అక్కడి కొట్టంలోనే ఉంటాడు. సెలవు రోజున కూడా ఏదో పని ఉందని బయటికే పోతాడు. ఈ పందిరి నీడ ఆయన అనుభవించింది తక్కువ.

"తీగకు వయసయిపోయింది మే," అన్నాడు నా కాలు చూసి. "వయసైతే అందరికీ చూపు తగ్గుతాది."

"నీ వైపు బాగనే కనపడతాండాదే దానికి," అన్నాను.

నవ్వి అన్నం కలుపుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. మంచి మనిషి అనే అనుకున్నాను మరి. పుష్యమాసంలో నాకు నడుము పట్టేస్తే, "ముంతలు నేను పోస్తాలే, నువ్వు వంగొద్దు," అన్నాడు. ముంతలు పోయడం ఆడవాళ్ల పని. మగవాడు మోసుకెళ్లడం మా వీధిలో ఎవరూ చూసి ఎరగరు. రెండు చేతుల్లో రెండు ముంతలు పట్టుకుని ఆయన నడుస్తుంటే చూడ్డానికి ఆడవాళ్లు పని మానుకుని వచ్చారు. ఈరమ్మ వదిన తన మొగుణ్ణి పిలిచి మరీ చూపించింది. నేను గర్వంగా ఈ చివరి నుంచి ఆ చివరి వరకూ చెప్పుకుని తిరిగాను. నడుము నొప్పి పోయినా ఆయన మానలేదు. నింపి మూత పెట్టడం నా వంతు, పోయడం ఆయన వంతు.

నమోదు 3. భరణి ముగింపు

ఈ నమోదు నీడ ఆఫీసు వాళ్లు చదివినా నాకు బాధ లేదు.

చౌడప్ప వెళ్లి చెబితే, తీగ ఎందుకు పలచబడిందో చూడమని ఆఫీసు వాళ్లు హేమలతను పంపారు. తీగలకు అంటు కట్టడం ఆమె ఉద్యోగం. భర్త పోయాడు, ఆఫీసు వెనక రేకుల గదిలో ఉంటుంది. సన్నగా, మర్యాదగా మాట్లాడే మనిషి. ఎండ గంటకు కాస్త ముందు వచ్చింది. చెయ్యి పట్టుకుని పందిరి కిందికి తెచ్చి కూర్చోబెట్టి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లాను. వెళ్తూ, ఆమె చెయ్యి వదిలేశానే, పాపం ఎండ తగులుతుందే అనుకుని త్వరత్వరగా కలిపాను.

లోటాతో గడప దాటి ఆగిపోయాను.

నా మీద నాలుగు ఆకులు వాల్చడానికి బద్ధకించే తీగ ఆమె మీద పొరలు పొరలుగా పరుచుకుని ఉంది. ఆమె కూర్చున్న చోట సాయంత్రమైనట్టుంది. ఆమె పైకి కూడా చూడలేదు. అలవాటైన నీడలో కూర్చున్న మనిషి పైకెందుకు చూస్తుంది.

కంచె అవతల ఈరమ్మ వదిన చేటతో నిలబడి ఉంది. తనూ చూసింది. నా కళ్లలోకి చూసి, వెంటనే తల దించి, చేటలో లేని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఆమెకు ముందే తెలుసని అప్పుడర్థమైంది. మనుషులు మొహమాటానికి ఏదైనా దాస్తారు, ఆకులకు ఆ విద్య రాదు.

"తీగ మిమ్మల్ని మరిచిపోతాందమ్మా," అంది హేమలత, మెత్తగా. "ఆఫీసుకు రాయాల్సి వస్తాది. ఏమీ అనుకోవాకండి."

తీగ మరిచిన మనిషిని ఉమ్మడి కొట్టానికి పంపుతారు. ఊరి చివర పాత రేకులు, చిరిగిన గోనెలు. అక్కడ చేరినవాళ్లు రోహిణి దాటి బతికితే అదే గొప్ప. మా పిన్నికి భర్త పోయాక తీగ వాడిపోతుంటే, నెల తిరక్కుండా ఇంకొకరికి కట్టబెట్టారు. ఆమె మనసు ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమే ఎవరికీ తోచలేదు.

మజ్జిగ తీసుకెళ్లి మా గాడిదకు పోశాను. దాని పేరు దొర. బోరు నుంచి నీళ్లు మోసే గాడిద, నా పుట్టింటి నుంచి నాతో వచ్చింది. గుక్క తిప్పుకోకుండా తాగింది.

నమోదు 4. కృత్తిక కార్తె

నేను నింపిన ముంత ఎక్కడికి పోతోందో కనుక్కున్నాను. పెద్ద కష్టం కాలేదు. కృత్తికలో ఈ నేల మీద ఎక్కడ పచ్చగా కనిపించినా అది ఎవరో నీళ్లు పోసిన చోటే.

గాడిద కొట్టం వెనక, కంచె అవతల, ఎవరిదీ కాని బయలు ఉంది. అక్కడ నేలలో తడి మరక. ఆ తడి మధ్య మోకాలెత్తు తీగ. చలికాలంలో మా పందిరి కొమ్మ ఒకటి ఎండిందని నేనే నరికి అవతల పారేశాను. ఆయన పొద్దున్నే నా ముంత తెచ్చి సరిగ్గా దాని మీదే గుమ్మరిస్తున్నాడన్న మాట. పందిరి మొదట్లో నా వంతుగా పోసేది హేమలత తన చెమట గుడ్డ పిండి ఇచ్చిన సీసాలో నీళ్లు. ఆ సీసా గాడిద గడ్డి కింద దొరికింది.

కూలబడి ఏడ్చాను. ముంతలు మోసే మొగుణ్ణి చూడమని వీధంతా పిలిచి చూపించింది నేనే కదా. అది తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది. ఒక మనిషిని వదిలించుకోవాలంటే చెప్పొచ్చు. పోట్లాడొచ్చు. నన్ను ఒక్కరోజులో కాక చుక్క చుక్కగా తీగ నోట్లోంచి తుడిచేశాడు, పైగా నా నడుము మీద జాలి చూపిస్తూ.

ఏడుస్తుండగానే ఎండ గంట మోగింది. లేచే ఓపిక లేక అక్కడే కూర్చున్నాను. కాలిన పాదం చల్లగా అనిపించి చూస్తే, ఆ పిల్ల తీగ ఉన్న నాలుగు ఆకులూ వంచి నా పాదం మీద పట్టింది.

ఒక్క మనిషి నీళ్లతో తీగ బతకదని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. పెద్దలు చెప్తారు, ఆఫీసు వాళ్లు చెప్తారు. ఎవరైనా పోసి చూశారా అని అడిగినవాళ్లు లేరు. ఇది నా ఒక్కదాని నీళ్లు తాగి, నన్ను తప్ప ఇంకొకరిని ఎరక్కుండా పెరిగింది. చౌడప్ప దయే అనుకోవాలి.

నమోదు 5. కృత్తిక

ఆకులు: సంతృప్తికరం.

ఇప్పుడే గొడవ పెట్టుకుంటే ఓడిపోయేది నేనే. నీడ పంచాయితీలో మాటలు చెల్లవు, తీగ చెప్పిందే చెల్లుతుంది. ఈ రోజు తీగకు తెలిసింది వాళ్లిద్దరూ. కాబట్టి నోరు మూసుకున్నాను. ఇంత ఇష్టంగా నోరు మూసుకోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

కానీ ఆయన ఒక సంగతి మరిచిపోయాడు. మగవాడు ముంత మోస్తాడేమో గాని నింపడు. చెమట గుడ్డలు ఉతికేదీ నేనే, నానబెట్టేదీ నేనే.

దొర బోరు నుంచి నీళ్లు మోసుకొచ్చి నిలబడితే దాని వీపు మీద చెమట ధారలు కడుతుంది. మెత్తటి గుడ్డ తీసుకుని వీపు, మెడ, చెవుల వెనక శ్రద్ధగా తుడిచాను. కళ్లు మూసుకుని హాయిగా నిలబడింది. ఆ గుడ్డను చౌడప్ప ముంతలో నానబెట్టి, మూత బిగించి, రోజూ పెట్టే చోటే పెట్టాను. ఆయన గుడ్డ ఉతికి బండ మీద ఆరేశాను.

మర్నాడు పొద్దున మూత తీసి, మొహం చిట్లించాడు. "ఈ నీళ్లేంది మే, ఇంత ఘాటుగా ఉండాయి?"

"ఎండలు ముదిరినాయి గదా. నీ చెమట చిక్కబడింది. ఎంత కష్టపడతాండావో ఏమో."

నా జాలికి పొంగిపోయాడు. గాడిద చెమట తన చేత్తో, తన పందిరికి, తనే పోసుకున్నాడు. తర్వాత నా ముంత పట్టుకుని కంచె వైపు వెళ్లాడు. నా తీగకు నీళ్లు అందుతున్నాయి. నేను వంగనక్కర్లేదు కూడా.

నమోదు 6. కృత్తిక ముగింపు

దొర కంచె పక్కగా నడిస్తే పందిరి అంచు ఆకులు దాని వైపు వంగుతున్నాయి. రోజూ కింద పడుకునే నన్ను మరవడానికి తీగకు నెలలు పట్టింది గాని, నీడకే రాని మనిషిని మరవడానికి ఒక్క కార్తె చాలేట్టుంది. ఎవరైనా గమనిస్తారని దాని గూటం కొట్టం వెనక్కి మార్చాను. అక్కడే నా తీగకు నాలుగు కర్రలు పాతి, తాళ్లు కట్టి పైకి ఎక్కించాను. కూర్చుంటే నీడ సరిపోతుంది. నిలబడితే తల బయటే ఉంటుంది. చౌడప్ప కంచె మీదుగా ముంత గుమ్మరించి తిరిగిపోతాడు, అవతల ఏముందో తొంగి చూడడు.

ఇవాళ చౌడప్ప మంచం అంచున కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు. "పంచాయితీ పెట్టినా మే. రోహిణి రాంగానే వస్తారు. నాకు మాత్రం ఇష్టమా? తీగ చెప్పినట్ల నడుచుకోవాల గదా."

నన్ను పొమ్మనే ధైర్యం కూడా తీగ దగ్గర అప్పు తెచ్చుకున్నాడు. "నువ్వేం చేస్తావులే," అన్నాను.

ఆయన చేనుకు పోయాక ఈరమ్మ వదిన కంచె దాటి వచ్చింది. కాసేపు కొంగు నలిపింది. "నాకు ముందే తెలుసు సంజమ్మా. తోడబుట్టినోడు, ఎట్ల చెప్పేది?"

"ఇప్పుడు చెప్పమన్లేదు వదినా. ముంతలు ఎవురు పోస్తాండారని పెద్దమనుషులు అడిగితే, నిజం చెప్పు చాలు."

"అంతేనా?"

"అంతే."

నమ్మలేనట్టు చూసి వెళ్లింది. ఇంకేదో పెద్ద సాయం అడుగుతాననుకుంది కాబోలు.

నమోదు 7. రోహిణి కార్తె

ఈ చిట్టాలో ఇదే నా ఆఖరి నమోదు. కాబట్టి వివరంగా రాస్తాను.

ఎండ గంటతో పాటే పెద్దమనిషి వన్నూరప్ప, ఇంకో ఇద్దరు తలల మీద తడి కంబళ్లు కప్పుకుని వచ్చారు. ఆఫీసు తరఫున హేమలత వచ్చింది, తనూ కంబళిలోనే, పందిరికి దూరంగా నిలబడింది. వీధి వీధంతా తమ తమ పందిళ్ల అంచుకు చేరి చూస్తోంది. ఒక్కొక్కరే కిందికి వచ్చి, ఆకుల కదలిక ఆగేదాకా నిలబడాలి.

"ముందు సంజమ్మ," అన్నాడు వన్నూరప్ప.

నిలబడ్డాను. ఆకులు లేచాయి. ఎండ నడినెత్తిన దిగింది. నా చేతులతో పెంచుకున్న తీగ నన్ను ముక్కూ మొహం తెలియని మనిషిలా చూసింది. తడి గుడ్డ తల మీద వేసుకుని బయటికి వచ్చేశాను. చౌడప్ప బాధపడుతున్నట్టు తల వంచుకున్నాడు. ఆ వంచడంలో బాగా సాధన చేసిన తీరు ఉంది.

"ఇంగ నువ్వు నిలబడప్పా. ఆనవాయితీ కోసమేలే."

చౌడప్ప చేతులు వెనక్కి కట్టుకుని సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చి నిలబడ్డాడు. ఆకులు కాస్త వణికాయి. ఒకటి లేచింది. పక్కది లేచింది. తర్వాత వరసంతా లేచి నిలబడింది. ఎండ ఆయన నుదుటి మీద పడింది. తూర్పుకు జరిగాడు, అక్కడా లేచాయి. మంచం దగ్గరికి, గుంజ దగ్గరికి, తీగ మొదలు దగ్గరికి తిరిగాడు. ఎక్కడికి పోయినా ఎండ ఆయన వెంటే పోయింది.

"ఇదేంది?" అన్నాడు వన్నూరప్ప.

"గాలికి లేసినట్లుండాయి సామీ."

"గాలి యాడుందప్పా, పక్క పందిట్లో ఆకు కదలకుండా ఉంటే."

చౌడప్పకు చెమటలు పట్టాయి. "రోజూ నా చేత్తో నేనే ముంతలు పోస్తాండా సామీ. నన్నెట్ల మరుస్తాది?"

ఈ మాట కోసమే నేను ఇన్నాళ్లు గాడిద వీపు తుడిచాను.

"ముంతలు పోసేది నువ్వా?" అన్నాడు వన్నూరప్ప.

కంచె అవతల నుంచి ఈరమ్మ వదిన పలికింది. "వాడే సామీ. పుష్యమాసం నుంచి ఇంకెవురూ ముట్టుకోలా. వీధంతా చూసింది." వెనక నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లు అవునన్నారు.

"ముంతలు నీ చేతిలో ఉంటే, నీ పెండ్లాన్ని తీగ ఎట్ల మరిసింది? ఆమె ముంత ఏమైంది?"

పోశానంటే తీగ అబద్ధమాడినట్టు, పోయలేదంటే తను మోసం చేసినట్టు. చౌడప్ప నా వైపు చూశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి అడ్డం పడి కాపాడే పెళ్లాం వైపు చూసే చూపు అది. నేను దొర కట్టు విప్పుతున్నాను.

"సామీ, మూగజీవి, ఎండకు ఓర్చలేకపోతాంది. కొంచెం సేపు లోపల కట్టేస్తా," అని పందిరి కిందికి తోలాను.

దొర నాలుగడుగులు వేసి నిలబడింది. ఆకులన్నీ ఒక్కసారిగా వాలాయి. గుంజ నుంచి గుంజ దాకా సందు లేకుండా పరుచుకుని, దొర మీద నల్లటి నీడ కప్పాయి. దొర తోక ఆడించి, చౌడప్ప మంచం పక్కన తాపీగా నిలబడింది.

ముందు ఎవరూ నవ్వలేదు. పెద్దమనుషుల్లో ఒకాయన కంబళి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అంతే, వీధి మొత్తం పగలబడింది.

"ఇంటాయన ఎవురో తెలిసింది," అన్నాడు వన్నూరప్ప, నవ్వకుండా. "ఇల్లాలు ఎవురు? తీగకు ఇద్దరు తెలియాల గదా."

"హేమలతమ్మను నిలబెట్టండి సామీ," అన్నాను.

"నేను ఆఫీసు మనిషిని," అంది ఆమె. కానీ అంచు ఆకులు అప్పటికే ఆమె వైపు వంగి ఉన్నాయి. వన్నూరప్ప అది చూశాడు. "కంబళి తీసి రామ్మా," అన్నాడు. వచ్చింది. ఆమె మీద నీడ పడ్డ తీరు చూశాక ఇంక ఎవరూ ఏమీ అడగనక్కర్లేకపోయింది.

తీగకు తెలిసినవాళ్లదే ఇల్లు. తీర్పు ఎప్పుడూ ఉండేదే, పేర్లు కొత్తవి: హేమలత, దొర. తీగ మరిచినవాళ్లు సంజమ్మ, చౌడప్ప.

చౌడప్ప హేమలత వైపు చెయ్యి చాపాడు. పట్టుకుంటే ఆయనకూ నీడ. ఆమె ఆ చేతిని చూసింది, వీధిని చూసింది, తన చేతులు రెండూ కొంగు కిందికి లాక్కుంది.

"ఆయమ్మను మరిపించినట్ల రేపు నన్నూ మరిపిస్తావు," అంది.

ఆమెకు కావలసింది కూడా నీడే. కానీ జాలిపడే తీరిక ఇవాళ నాకు లేదు. "దొర నా పుట్టింటి గాడిద," అని చెప్పాను ఆమెతో. "మధ్యాహ్నాలు పంపిస్తా. రోజూ వీపు తుడిచి ముంత నింపుకో. లేకుంటే తీగ వాడిపోతాది. చెవుల వెనక మరిచిపోవద్దు, అక్కడ తుడిస్తే దానికి ఇష్టం."

కొత్త చిట్టా. నమోదు 1. రోహిణి, అదే రోజు

ఆకులు: తక్కువే, కానీ అన్నీ నావే. పురుగు: లేదు.

తీర్పు కాగానే ఉమ్మడి కొట్టం వైపు కాకుండా గాడిద కొట్టం వెనక కంచె వైపు నడిచాను. వన్నూరప్ప పిలిచాడు, వినిపించుకోలేదు. కర్రల కింద వంగి కూర్చున్నాను. ఆకులు చకచకా వాలి తల మీద, భుజాల మీద పరుచుకున్నాయి. కంబళ్లు కప్పుకున్న పెద్దమనుషులు కంచె దాకా వచ్చి నిలబడి చూశారు.

"ఎవురితో కలిసి పోసినావు?" అన్నాడు వన్నూరప్ప.

"ఎవురితోనూ లేదు సామీ. ఇది ఒక్క ముంత తీగ. పోసింది మాత్రం చౌడప్పే, పాపం, రోజూ తప్పకుండా."

ఆయన చాలాసేపు ఆకుల్ని చూశాడు. వెనక నుంచి ఈరమ్మ వదిన, ఇంకా ఎందరో ఆడవాళ్లు తమ పందిళ్ల అంచుల నుంచి మెడలు చాచి చూస్తున్నారు. వాళ్లు చూడాలనే నేను కర్రలు కనిపించేలా పాతాను.

అందరూ వెళ్లాక చౌడప్ప వచ్చాడు. చెప్పులు ఎక్కడ వదిలేశాడో, ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద పెట్టుకుంటున్నాడు. ముక్కు, నుదురు ఎర్రగా కందిపోయాయి.

"నా ముంతలో ఏమి పోసినావు?"

"నేను నింపిన మాటే అడుగుతాండావు. పోసింది నువ్వు గదా."

తిడతాడనుకున్నాను. తిట్టే ఓపిక లేదు. ఒక అడుగు లోపలికి వేశాడు. ఆ పక్కన ఉన్న నాలుగు ఆకులూ లేచి నిలబడ్డాయి. వెనక్కి తగ్గాడు. చెయ్యి చాపాడు.

"సంజమ్మా, చెయ్యి ఇయ్యి. కాలిపోతాండా."

ఎన్నాళ్లయిందో నన్ను పేరు పెట్టి పిలిచి. ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. పెళ్లిపీటల మీద నా చేతుల మీంచి నీళ్లు జారింది దాని మీదికే. పట్టుకుంటే బతుకంతా మళ్లీ రెండు ముంతలవుతుందని కూడా తెలుసు.

"నాకు మాత్రం ఇష్టమా చౌడప్పా?" అన్నాను. "తీగ చెప్పినట్ల నడుచుకోవాల గదా."

నా తల మీది తడి గుడ్డ తీసి ఆయన మీదికి విసిరాను. ఉమ్మడి కొట్టం ఎంతో దూరం లేదు. కప్పుకుని గబగబా నడిస్తే ప్రాణానికి ఏమీ కాదు. బొబ్బలు మాత్రం లేస్తాయి. అవి లేవాలనే నాకు ఉంది.

గుడ్డ కప్పుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడేమో నాకు తెలియదు, నేను ముంత కడుగుతున్నాను. మొహం, మెడ, చేతులు బాగా తుడుచుకుని, ఆ గుడ్డ ముంతలో పిండి, నా తీగ మొదట్లో నేనే వంగి పోశాను. నడుము ఏమీ నొప్పి పుట్టలేదు.

తర్వాత కాలిన పాదం ఎండలోకి కాస్త చాపాను. ఒక ఆకు వంగి దాని మీద నీడ పట్టింది.